ఎరుపులో కలిసిపోయిన కొమ్ము

ఆ చలికాలం పొద్దున లేవగానే బురుల్ చేసే మొదటి పని పొయ్యి రాజెయ్యడం కాదు. కిటికీ గట్టు మీద ఏడు ఊలు దారాలు పరిచి, వాటి రంగులు తనకు తానే అప్పజెప్పుకోవడం. ఎరుపు, ముదురు గోధుమ, నీలం, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు. కుడికన్ను మూసుకుని ఒకసారి, ఎడమకన్ను మూసుకుని ఒకసారి. అన్నీ సరిగ్గానే కనిపించేవి. అయినా మనసు కుదుటపడేది కాదు. ఇవాళ్టికి ఉన్నాయి సరే, రేపటి మాటేమిటి అనుకునేది. కీడెంచి మేలెంచమంటారు. బురుల్ కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషి.

భర్త సగిన్ గొర్రెల మందను తోలుకుని కనుమ అవతలి చలికాలపు మేత భూములకు వెళ్ళి నెలన్నర దాటింది. ఏప్రిల్‌లో మంచు కరిగితే గాని కనుమ తెరుచుకోదు. ఫోను కూడా అతను శుక్రవారం గుట్ట ఎక్కితేనే అందుతుంది. అదైనా ప్రతి ఏటా ఉండేదే. ఈ ఏడు కొత్తగా వచ్చిపడినది ఏమిటంటే, ఒక్కగానొక్క కూతురు బెగాయిమ్ తొమ్మిదో తరగతికి నరీన్ పట్నంలో హాస్టల్లో చేరింది. నలభై ఒక్క ఏళ్ళొచ్చినా బురుల్ ఇంట్లో ఒక్కతే పడుకోవడం ఇదే మొదటిసారి.

మొదటిసారి అది నవంబరు చివర్లో జరిగింది. నడిజామున ఏదో అలికిడైతే మెలకువ వచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే గోడకు వేలాడే ఎర్ర తివాచీ ఎర్రగా లేదు. కుళ్ళిన నీటి రంగులో, పాచి పట్టినట్టు పచ్చగా ఉంది. తెల్ల దుప్పటి మీద కూడా అదే పచ్చదనం. కుడికన్ను మూసి చూసింది. ఇప్పుడు ఇల్లంతా కుంకుమ నీళ్ళలో ముంచి తీసినట్టుంది. ఎడమకన్ను మూసింది. మళ్ళీ పచ్చన. ఒక కంటికో లోకం. లేచి కూర్చుని, నూరు లెక్కపెట్టింది. రెండోసారి నూరు పూర్తయ్యేసరికి తివాచీ తన ఎరుపులోకి తాను వచ్చేసింది.

ఆ తరవాత వారానికి రెండుసార్లు, మూడుసార్లు అలాగే అయ్యేది. రెండు మూడు నిమిషాల పాటే. తెల్లారితే ఏమీ ఉండదు.

బురుల్ తల్లి జూరకాన్ యాభయ్యో ఏట చూపు పోగొట్టుకుంది. అది కూడా చిన్నగానే మొదలైంది. దీపం చుట్టూ సింగిణిలా రంగుల వలయం కనిపిస్తోందని అంటుంటే, ముసలితనమమ్మా అని ఇంట్లో వాళ్ళు నవ్వేశారు. బురుల్ కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు ఆమెను వదలడం లేదు. తల్లికి వచ్చింది, తనకి వస్తోంది, తన తరవాత ఎవరికి వస్తుంది? పద్నాలుగేళ్ళ పిల్లకి. అక్కడికి వచ్చేసరికి ఆమె ఆలోచన ముందుకు కదిలేది కాదు, వెనక్కి పోయేది కాదు.

కళ్ళు పోతే ఆ ఊళ్ళో బురుల్ ఎవరు? షిర్దాక్ తివాచీలు కుట్టే ఆడవాళ్ళు ఇంటింటా ఉన్నారు. ఉన్నిని తడిపి, తొక్కి, ఒత్తి చేసిన పలకల మీద సుద్దతో ముగ్గు గీసి, చేయి వణక్కుండా కోసేవాళ్ళు మాత్రం ఇద్దరే. ఒకరు బురుల్, ఇంకొకరు పోయిన ఏడు కాలం చేశారు. ఎర్ర పలక మీద గోధుమ పలక పెట్టి రెంటినీ ఒక్క కోతతో కోస్తారు. అప్పుడు ఎరుపులోంచి ఊడిన పొట్టేలు కొమ్ము గోధుమ పలకలో ఇమిడిపోతుంది, గోధుమ కొమ్ము ఎరుపులో ఇమిడిపోతుంది. అలా ఒక కోతకి రెండు షిర్దాక్‌లు పుడతాయి, అక్కాచెల్లెళ్ళలాగా. ఒకటి ఎప్పటికైనా కూతురితో వెళ్తుంది, రెండోది తల్లి దగ్గర ఉండిపోతుంది. బెగాయిమ్ కోసం ఆ జంటను బురుల్ అక్టోబరులో కోసింది. చలికాలమంతా కుట్టాలి.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎదురింట్లో ఉండే పెద్ద తోడికోడలు కాలిపాకి చెబితే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. "ఆ వంశంలో ఆడవాళ్ళకి కళ్ళు నిలవవు" అనే మాట ఒకసారి బయటికొస్తే బెగాయిమ్ వెంట ఎన్నేళ్ళు నడుస్తుందో. సగిన్‌కి చెబితే ఆ గుట్ట మీంచి అతను ఏం చెయ్యగలడు, అక్కడ నిద్ర పాడుచేసుకోవడం తప్ప? శుక్రవారం అతను ఫోనులో అరుస్తూ అడిగేవాడు.

"నిద్ర పడుతోందా?"

"మొద్దులా పడుతోంది."

"తలుపు గడియ వేసుకుంటున్నావా?"

"రెండు గడియలు."

అంతలో గాలికి మాట కొట్టుకుపోయేది.

కూతురికి మాత్రం రోజూ ఫోను చేసేది, కాని సూటిగా అడిగేది కాదు.

"అన్నం తిన్నావా తల్లీ?"

"తిన్నానమ్మా. నూడిల్సు, మాంసం."

"నల్లబల్ల మీద రాసింది కనిపిస్తోందా?"

"రెండో వరసలో కూర్చుంటాను, కనిపించక చస్తుందా?"

"నీ దుప్పటి ఏం రంగే?"

"ఎరుపమ్మా. నిన్న అడిగినప్పుడూ ఎరుపే. మొన్నా ఎరుపే. నువ్వు కొన్న దుప్పటే. రేపటికి మారితే నేనే ఫోను చేసి చెబుతాలే."

వెనకాల ఎవరో ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. బురుల్ కూడా నవ్వి పెట్టేసింది. పెట్టేశాక మళ్ళీ చెయ్యాలనిపించింది, దేనికని చేస్తుంది?

గురువారం నూనె కాచి పిండి ముక్కలతో బోర్సోక్‌లు వేయించింది. కాగిన నూనె వాసన పోయినవాళ్ళకి చేరుతుందని నమ్మకం. తల్లి పేరు తలుచుకుని, అమ్మా, నవ్వినందుకు నన్ను ఏమన్నా అను, పిల్ల జోలికి మాత్రం రాకు అనుకుంది. తరవాత నాలుక కరుచుకుంది. చనిపోయిన తల్లి మనవరాలి జోలికి ఎందుకొస్తుంది? భయం మనిషి చేత ఎంత మాటైనా అనిపిస్తుంది.

అప్పుడే ఆమెకు ఇంకో ఆలోచన పుట్టింది. చూపు ఎలాగూ పోతుంది గనక, పోకముందే చీకటి నేర్చుకోవాలి. తల్లి గుడ్డిదయ్యాక కూడా పదేళ్ళు ఊలు వడికింది. వేళ్ళకి నేర్పితే వేళ్ళు నేర్చుకుంటాయి.

ఆ రాత్రి మెలకువ వచ్చేసరికి మళ్ళీ అదే పచ్చదనం. ఈసారి లెక్కపెట్టలేదు. లేచి, ముక్కల బుట్టలోంచి గోధుమ కొమ్ము అనుకున్నదాన్ని తీసుకుని, ఎర్ర పలక ముందు కూర్చుంది. గదిలో దీపం వెయ్యలేదు. వేస్తే కాలిపా కిటికీలోంచి చూసి, ఇంత రాత్రి ఏం పని అని పొద్దున్నే ఆరా తీస్తుంది. వసారాలో రాత్రంతా వెలిగే బల్బు వెలుతురు తలుపు అద్దంలోంచి, వీపు వెనకనుంచి కొద్దిగా పడుతోంది. అదీ అక్కర్లేదని కళ్ళు గట్టిగా మూసుకుంది. వేలితో ఖాళీ అంచు తడిమింది, ముక్క అంచు తడిమింది. ముక్క ఆ ఖాళీలో అచ్చంగా ఇమిడింది. మూసిన కళ్ళతోనే చుట్టూ కుట్టేసింది. రెండుసార్లు సూది గుచ్చుకుంది. అయినా ఆ నెలలో మొదటిసారి ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది. చెయ్యగలను అనుకుని పడుకుంది.

పొద్దున్నే పెరుగు గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన కాలిపా పలక ముందు నిలబడిపోయింది.

"ఇదేంటే, పొట్టేలికి ఒక కొమ్ము ఏది?"

"ఏ కొమ్ము?"

"నాలుగు మూలలా నాలుగు జతలుండాలి గదా. ఈ మూల ఒంటికొమ్ముదైపోయింది. కసాయివాడి దగ్గరకి పోయొచ్చిందా?"

బురుల్ వచ్చి చూసింది. ఆ మూల ఎరుపే ఉంది. దగ్గరికి వంగితే కొమ్ము చుట్టూ తన కుట్లు, చిన్నగా, శుభ్రంగా. ఎర్ర పలకలోంచి కోసిన ఎర్ర కొమ్మునే తిరిగి దాని ఖాళీలో పెట్టి కుట్టేసింది. బుట్టలోకి చూస్తే గోధుమ కొమ్ము అలాగే ఉంది.

ఆమె అక్కడే కూలబడింది. కాలిపా వేళాకోళం ఆపింది.

"ఏమైందే? మొహం అట్లా పాలిపోయిందేం?"

ఇక దాచే ఓపిక లేకపోయింది. పచ్చదనం, ఎరుపు, తల్లి కళ్ళు, ఏడు దారాలు, రాత్రి కళ్ళు మూసుకుని కుట్టడం, అన్నీ చెప్పేసింది. పిల్ల సంగతి ఒక్కటి నోటిదాకా వచ్చి ఆగింది. కాలిపా అంతా విని గిన్నె కింద పెట్టింది.

"నేను ఊరంతా చెబుతానని గదా నాకు చెప్పలేదు?"

బురుల్ బుట్టలోని గోధుమ కొమ్మును చేతిలోకి తీసుకుంది.

"చెప్పేదాన్నేలే. నా నోరు నాకు తెలుసు. దీన్ని మాత్రం చెప్పను. బూట్లు తొడుక్కో, ఇమానలి దగ్గరకి పోదాం."

ఊరి వైద్యశాలలో ఇమానలి ముప్పై ఏళ్ళుగా కాంపౌండరు. పెద్ద డాక్టరు లేని ఊళ్ళో అతనే డాక్టరు. టార్చితో రెండు కళ్ళూ చూశాడు, అక్షరాల అట్ట చదివించాడు. తరవాత ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు.

"ఏ పక్కకి తిరిగి పడుకుంటావమ్మా?"

"ఎడమ పక్కకే, అన్నా. తలుపువైపు మొహం పెట్టి."

"అంటే ఎడమకన్ను దిండులో ఉంటుంది. తలుపు దగ్గర దీపమేమన్నా ఉందా?"

"వసారాలో బల్బు."

"రాత్రంతా?"

బురుల్ తల దించుకుంది. ఇమానలి ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, ఎడమకంటిని ఆమె అరచేత్తోనే కప్పించి, మూసిన కుడి రెప్ప మీద టార్చి పెట్టాడు. కాసేపలా ఉంచి, లేచి గోడవైపు చూడమన్నాడు. సున్నం కొట్టిన తెల్లగోడ కుడికంటికి పాచి పచ్చన. కప్పిన కంటికి లేత కుంకుమ.

"ఇదే గదా?"

"ఇదే."

"మూసిన రెప్ప ఎర్రటి తెరలాంటిది. దీపం ఎదురుగా ఉంటే ఆ కన్ను రాత్రంతా ఎరుపునే చూసి చూసి దానికి మొహం మొత్తుతుంది. తెరవగానే పచ్చగా చూపిస్తుంది. రెండో కన్ను చీకట్లో ఉంటుంది గనక దాని తీరు వేరు. రెండూ సర్దుకోడానికి కొంచెం సేపు పడుతుంది. ఇది జబ్బు కాదు. మీ అమ్మది వేరు, అది కంట్లో ఒత్తిడి. దానికి కాగితం రాసిస్తాను, నరీన్‌లో ఒకసారి కొలిపించుకో. అది చూపించుకోవాల్సిందే. ఈ రంగుల గోల దానిది కాదు."

"మరి కొమ్ము తప్పు కుట్టాను గదన్నా?"

"కళ్ళు మూసుకుని కుడితే ఎవరైనా తప్పే కుడతారు," అంది కాలిపా.

నిజమే. జంటగా కోసిన ముక్క ఏ పలకలోనైనా ఒకేలా కూర్చుంటుంది, వేలికి తేడా తెలియదు. ఊరందరికీ ఆ కోత కోసిపెట్టే మనిషికే అది తట్టలేదు.

ఇమానలి కాగితం రాస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు. "ఆ బల్బు ఎందుకమ్మా? ఎవరన్నా వస్తారనా?"

"ఎవరొస్తారన్నా, కనుమ మూసుకుపోయింది గదా."

"మరి?"

బురుల్ కాగితం కోసం చెయ్యి చాచింది. కాలిపా కిటికీవైపు తిరిగి శాలువా సర్దుకుంది.

ఆ సాయంత్రం కూతురికి ఫోను చేసి ఈసారి సూటిగా చెప్పింది. సగం నవ్వుతూ చెప్పింది, పిల్ల భయపడకూడదని. బెగాయిమ్ అంతా విని తేలిగ్గా అంది.

"అదా. నాకూ అవుతుందమ్మా. ఒక కంటికి దుప్పటి పచ్చగా, ఒక కంటికి ఎర్రగా. అందరికీ అవుతుందనుకున్నా."

బురుల్ నెల రోజులుగా భయపడుతున్న మాట అదే. అయితే ఇప్పుడు ఆ మాటకి అర్థం వేరు.

"మీ గదిలో దీపం ఉంటుందా?"

"గదిలో ఉండదు. బయట నడవాలో ఉంటుంది. తలుపు మీది అద్దంలోంచి పడుతుంది."

"గోడవైపు తిరిగి పడుకోవచ్చు గదే?"

"పడుకోవచ్చు."

"మరి తలుపువైపే ఎందుకు?"

"ఊరికే," అంది పిల్ల.

ఈసారి వెనకాల నవ్వులు లేవు. గొంతు తగ్గించి, నడవాలో ఎక్కడో ఒక మూల నిలబడి మాట్లాడుతోందని బురుల్‌కి తెలిసింది. ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు.

"వచ్చే వారం కళ్ళ డాక్టరు కోసం నరీన్ వస్తున్నా," అంది బురుల్. "నీ కళ్ళు కూడా చూపిద్దాం."

"నాకేం లేదమ్మా."

"లేదని డాక్టరు చెబితే విందాం."

"బోర్సోక్‌లు తెస్తావా?"

"తెస్తా."

ఆ రాత్రి ఇమానలి చెప్పినట్టే దిండు మార్చి గోడవైపు తిరిగి పడుకుంది. నడిజామున మెలకువ వచ్చింది. ఒక కన్ను మూసి చూసింది, ఇంకోటి మూసి చూసింది. ఎరుపు ఎరుపుగానే ఉంది. లెక్కపెట్టడానికి ఏమీ లేదు. పొయ్యిలో నిప్పు చల్లారుతున్న చిటపట తప్ప ఇంట్లో ఏ చప్పుడూ లేదు. నెల రోజులుగా తోడున్న భయం కూడా లేచి వెళ్ళిపోయింది, ఇల్లు మరీ ఖాళీ అయినట్టనిపించింది.

కాసేపు అలాగే పడుకుని, తరవాత దిండు తీసి ఎప్పటి చోటే వేసుకుని, ఎడమ పక్కకి ఒత్తిగిలి తలుపువైపు తిరిగింది. రెప్ప మీద బల్బు వెలుగు ఎర్రగా పడింది. అక్కడ నరీన్‌లో పిల్ల కూడా ఈపాటికి ఇటే తిరిగి ఉంటుంది.