మర్యాద నోటీసు

తొట్టిలో మనిషి పడిపోయాడన్న కేక ఆ అద్దకం మిల్లులో పగలు పదకొండు గంటలకు వినిపించింది. అరిచినవాడు మీసాల మిస్త్రి. అచ్చు మిషను మీద బట్ట తెగితే అతికించే దారం కోసం పెరటి వైపు వచ్చి, మూత తీసి ఉన్న మడ్డి తొట్టిలోకి తొంగి చూశాడు. నిలువెత్తు లోతు. అడుగున మోకాలి మట్టానికి రంగు మడ్డి. అందులో ఒక మనిషి గోడకు ఆనుకుని, తల వాల్చేసి ఉన్నాడు.

మిస్త్రి ఆ మనిషిని పేరు పెట్టి పిలవలేదు. తొట్లలో మడ్డి తోడే కాలవ గట్టు మనుషులను తరతరాలుగా పిలుస్తూ వచ్చిన ఆ మాటతోనే అరిచాడు. ఫలానావాడు పడిపోయాడు, తాడు తెండ్రా అని. ఆ మాట ఇక్కడ రాయక్కర్లేదు. అన్నవాళ్ళకు తెలుసు, పడ్డవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. అరిచి ఊరుకోలేదు. తడిగుడ్డ మూతికి కట్టుకుని, నడుముకు తాడు బిగించి, యాభై రెండేళ్ళ మనిషి తానే తొట్టిలోకి దిగాడు. పైనున్నవాళ్ళు ఇద్దరినీ లాగారు. కింద పడినవాడికి ఊపిరి ఆడుతోంది. మిస్త్రి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

అప్పటికి మేనేజరు వచ్చాడు. డాక్టరును పిలిపిస్తాడని అందరూ చూశారు. ఆయన పడి ఉన్నవాణ్ణి ఒకసారి చూసి, బండి ఎక్కించమని చెప్పి, మిస్త్రి వైపు తిరిగాడు. ఎంతో మెత్తగా మాట్లాడే మనిషి. ఊడ్చేవాణ్ణి కూడా 'గారు' అంటాడు.

"మిస్త్రిగారూ, ఇందాక మీరు వాడిన మాట గోడ మీది జాబితాలో మూడోది. రేపటి నుంచి మీరు పనిలోకి రానక్కర్లేదు. నోటీసు ఇంటికి పంపిస్తాం."

ఇదంతా అచ్చు మిషను దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చిన ఒక ఆడమనిషి కళ్ళారా చూసింది. పడినవాడు ఆమె తమ్ముడు. అదే తొట్టిలో తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ నాన్న పోయాడు. ఆనాడూ విషవాయువుకు అడ్డంగా తొడుక్కునే ముసుగు లేదు, ఈనాడూ లేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆమెను మిల్లులో 'కోటా' అంటారు. ఆ పేరు పెట్టింది కూడా మీసాల మిస్త్రే.

రెండేళ్ళ కిందట ఆఫీసువాళ్ళు మర్యాద నియమాలు తెచ్చారు. అనకూడని మాటలు పదకొండు, అద్దం చట్రంలో పెట్టి గోడకు తగిలించారు. మడ్డి తోడేవాళ్ళను 'శుభ్రతా మిత్రులు' అనాలన్నారు. పేరు మారింది, తొట్టి మారలేదు. అదే నెలలో ఒక అచ్చు మిషను కాలవ గట్టు వాళ్ళకు కేటాయించారు. తొమ్మిది మంది పరీక్షకు కూర్చుంటే ఈమె మొదట నిలిచింది. గేటు మీద ఆమె ఫోటో వేశారు, నిలువెత్తున, నవ్వుతూ. ఆ ఫోటో తీసినవాడు నవ్వమంటే నవ్వింది గానీ, ఆ తర్వాత ఆ మిషను దగ్గర ఆమెకు నవ్వే పని పడలేదు. పాత మాటలు జాబితాలో ఉన్నాయి కాబట్టి మిషనువాళ్ళు కొత్త మాట పట్టుకున్నారు. కోటా పక్కకు జరగమ్మా. కోటాకు దాహమేస్తోందంట, నీళ్ళు పొయ్యండ్రా. 'కోటా' జాబితాలో లేదు. ఆమె భోజనానికి వెళ్తే రోలరు మరలు వదులు చేసేవాళ్ళు. పని చెడితే చూశారా అనేవాళ్ళు. ఆ మిషను తన చిన్నకొడుక్కు రావలసిందని మిస్త్రి కడుపులో మంట. తాత తిప్పాడు, నాన్న తిప్పాడు, తాను తిప్పాడు. మధ్యలో ఈమె ఎక్కడి నుంచి ఊడిపడింది అని.

కాబట్టి మర్నాడు మేనేజరు గదిలోకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టినప్పుడు, ఆమె చెయ్యి కలం వైపు పోలేదంటే అబద్ధం.

గదిలో ఆమె మేనమామ కూడా ఉన్నాడు. కాలవ గట్టు సంఘానికి పెద్ద. కాగితంలో మిస్త్రి తన తమ్ముణ్ణి అవమానించాడనీ, అతనితో పాటు మరో అయిదుగురు తనను రెండేళ్ళుగా వేధించారనీ రాసి ఉంది. అబద్ధమేమీ కాదు. ఆరు పేర్లూ నిజమే. సంతకం పెడితే ఆరుగురూ పోతారు, ఆ ఆరు చోట్లూ మీవాళ్ళవే అన్నాడు మేనేజరు.

ఆమె కలం పట్టుకునే అడిగింది, ఆరు చోట్లలో ఎంతమందిని వేస్తారని. ముగ్గురిని, ఒక్కొక్కరికి రెండేసి మిషన్లు అన్నాడు. పర్మనెంటేనా అంటే, తర్ఫీదు కింద ఉంటారు, తర్వాత చూద్దాం అన్నాడు. తొట్టికి ముసుగులూ గాలి యంత్రమూ ఎప్పుడు వస్తాయని అడిగింది. అది వేరే విభాగం చూస్తుందమ్మా అన్నాడు.

ఆమె కలం కింద పెట్టింది. ఒక రోజు గడువు అడిగి, కాగితం మడిచి తీసుకుంది.

దారి పొడుగునా మేనమామ ఆగలేదు. "నీకు తెలీదమ్మాయ్. మా నాన్న ఆ గేటు దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి నడిచాడు. ఇవాళ ఆ గేటు మీద నీ బొమ్మ ఉంది. అది మన జాతి గౌరవం. ముద్ద నోటిదాకా వచ్చాక వెనక్కి నెడతావా?"

ఆయన చెప్పింది తీసిపారేసే మాట కాదని ఆమెకు తెలుసు. నేరుగా ఆసుపత్రికి పోయింది. తమ్ముడు మంచం మీద దగ్గుతూ కూర్చున్నాడు. ఉమ్మి ఇంకా నీలంగానే పడుతోంది. కాగితం చదివి వినిపించింది. మిస్త్రి నిన్ను ఇలా అన్నాడు, వాడి మీద రాసిమ్మంటున్నారు అని చెప్పింది.

"వినిపించే స్థితిలో ఉంటే కదక్కా వినడానికి" అన్నాడు వాడు. కాసేపు దగ్గి, "నన్ను తిట్టిందీ వాడే, తీసిందీ వాడే. తొట్టిలోకి దింపినవాడి పేరు ఆ కాగితంలో ఉందా? లేకపోతే అది నా ఫిర్యాదు కాదు" అన్నాడు.

సాయంత్రం షిఫ్టు దిగాక మిషనువాళ్ళంతా సైకిళ్ళ షెడ్డు వెనక చేరారు. చొక్కాలకు 'మా చెమట, మా గర్వం' అని రాసిన బిళ్ళలు పెట్టుకున్నారు. మిస్త్రి పెట్టె మీద నిలబడి మాట్లాడుతున్నాడు. ప్రాణం కాపాడినందుకు నాకు దక్కింది ఇది అంటున్నాడు. ఒకప్పుడు వాళ్ళకు అన్యాయం జరిగిందేమో, ఇప్పుడు జరుగుతున్నది మనకు, ఈ కాలంలో గట్టు మీద పుట్టకపోవడమే మనం చేసిన నేరం అంటున్నాడు. అరవై మంది అవునవునంటున్నారు. కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పని పోతుందన్న భయం కళ్ళల్లోకి వస్తే కోపమూ ఏడుపూ ఒకలాగే కనిపిస్తాయి.

అప్పుడు ఆమె షెడ్డులోకి వచ్చింది, ఒక్కతే. ఎవరో దారికి అడ్డంగా సైకిలు పెట్టారు. ఆమె దాన్ని పక్కకు జరిపి ముందుకు నడిచింది. కాగితం విప్పి ఆరు పేర్లూ చదివింది. మేనేజరు చెప్పింది చెప్పినట్టు చెప్పింది. ఆరుగురి చోట ముగ్గురు, ఒక్కొక్కరికి రెండు మిషన్లు, తర్ఫీదు పేరు మీద.

"మరి పెట్టు సంతకం. నీ పంట పండింది కదా" అన్నాడు మిస్త్రి. "మావాడి మిషను ముందే తిన్నావు. ఇంకో ఆరు తిను."

రెండేళ్ళుగా ఆమె అతన్ని మీరు అనే అనేది. ఆ రోజు ఆ మాట రాలేదు.

"మీ తాత తర్వాత మీ నాన్న. మీ నాన్న తర్వాత నువ్వు. నీ తర్వాత నీ కొడుకు. అదేమిటి మిస్త్రీ? అదీ కోటానే. దానికి పేరు పెట్టలేదంతే. నేను పరీక్ష రాసి వచ్చాను. మీ ఇంట్లో ఎవరు రాశారు?"

షెడ్డు భగ్గుమంది. పట్టుకోండి, బయటకు నెట్టండి అని వెనక నుంచి గొంతులు లేచాయి. ఒకడు ఆమె భుజం మీద చెయ్యి వేసి తోశాడు. ఆమె పడబోయి నిలదొక్కుకుంది.

"నువ్వు నన్ను రెండేళ్ళు ఏమన్నావో మర్చిపోలేదు. మర్చిపోను కూడా. మరలు వదులు చేసినవాళ్ళు ఎవరో నాకు తెలుసు, ఇక్కడే ఉన్నారు. దాని సంగతి నీతో నేను తేల్చుకుంటాను. నా తరఫున మేనేజరు తేల్చక్కర్లేదు. నా అవమానాన్ని కత్తి చేసి నీ మెడ కొయ్యడానికి వాడికి నేనివ్వను."

నూనె డబ్బాలు మోసే ఒక ముసలివాడు మూల నుంచి, అయితే ఏం చెయ్యమంటావో చెప్పమ్మా అన్నాడు.

ఆమె చెప్పింది. ముసుగూ గాలీ లేకుండా తొట్టిలోకి ఎవరూ దిగరు. ఆరుగురి మీద నోటీసులు ఉండవు. కాలవ గట్టు వాళ్ళకు రావలసిన చోట్లు రావలసిందే, అందులో వీసమంత తగ్గేది లేదు. కానీ అవి ఇంకొకడిని లేపి ఇచ్చే చోట్లు కావు. మూలన నాలుగు మిషన్లకు గుడ్డ కప్పి ఏడాదైంది. ఆర్డర్లు లేవంటారు, రోజూ రెండు గంటలు ఎక్కువ పని మాత్రం చేయిస్తారు. ఆ గుడ్డ తీస్తే మీవాడికీ చోటుంది, మావాడికీ ఉంది.

వాదన చాలాసేపు సాగింది. గట్టు వాళ్ళను నమ్మితే నట్టేట ముంచుతారని కొందరన్నారు. నీ మేనమామ రేపు ఇంకో మాట అంటే అన్నారు. అనొచ్చు, అందుకే ఇవాళే వచ్చాను అంది. పదకొండు మంది బిళ్ళలు సరిచేసుకుని ఇళ్ళకు పోయారు. మిస్త్రి ఒప్పుకున్నట్టూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. పెట్టె దిగి, దాని మీదే కూర్చుండిపోయాడు. ఆమె కాగితం చింపుతుందేమోనని అందరూ చూశారు. చింపలేదు. రేపు గేటు దగ్గర అందరి ముందూ తిరిగిస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

తెల్లవారి సైరను కూసేటప్పటికి గేటు ముందు రెండు గుంపులు ఉన్నాయి. ఒకవైపు మిషనువాళ్ళు, ఇంకోవైపు తొట్టివాళ్ళు. మధ్యలో బండి పట్టేంత ఖాళీ. మేనమామ తొట్టివాళ్ళ ముందు నిలబడి లోపలికి నడవండని చెబుతున్నాడు. ఎవరూ కదల్లేదు. మేనేజరు గేటు దాకా వచ్చి, నవ్వుతూ చెయ్యి చాచాడు. ఆమె కాగితం ఇచ్చింది. సంతకం చోటు ఖాళీగా ఉంది. వెనక వైపు తొట్టివాళ్ళు ముప్పై నలుగురు వేలిముద్రలు వేశారు. వాటి పైన ఒకే ఒక్క వాక్యం: ముసుగు లేనిదే దిగం.

ఆమె తమ్ముడు ఆసుపత్రి దుప్పటి కప్పుకునే వచ్చాడు. నిలబడలేక మట్టిలో కూర్చున్నాడు. మీసాల మిస్త్రి ఆ ఖాళీ దాటి అతని దగ్గరికి వచ్చాడు. పట్టుకోవడానికి ఏదీ లేనట్టు చేతులు అటూ ఇటూ కదిపాడు.

"ఆ మాట అనకూడదు. నోటీసుకు భయపడి చెప్పడం లేదు. నా నోటికి అది మా ఇంట్లోనే అలవాటైంది. నీ అక్కనూ ఇంకో మాట అన్నాను."

తమ్ముడు తల ఎత్తి చూశాడు. "మా అక్కకు చెప్పు, నాకు కాదు" అన్నాడు. "ముందు కూర్చో. ఎండెక్కుతోంది."

మిస్త్రి కూర్చున్నాడు. అతని వెనక ఒకరి తర్వాత ఒకరు మిషనువాళ్ళు వచ్చి కూర్చున్నారు. కొందరు బిళ్ళలు తీశారు, కొందరు తియ్యలేదు. నిన్న పోయిన పదకొండు మందీ తల దించుకుని గేటు లోపలికి పోయారు. లోపల ఒక్క మిషను తిరిగిన చప్పుడు లేదు. పదకొండు మందితో అచ్చు పడదు.

తొమ్మిదికి పోలీసులు వచ్చారు. అధికారి మేనేజరుతో పక్కకు వెళ్ళి మాట్లాడి వచ్చాడు. మిషనువాళ్ళ మీద కేసు లేదు, పనిలోకి పోవచ్చు, గొడవ చేస్తున్నది గట్టు వాళ్ళే అన్నాడు. గట్టు వాళ్ళు ఇటు, మిషనువాళ్ళు అటు, విడిగా నిలబడండి అన్నాడు. మూడుసార్లు అన్నాడు. ఎవరూ లేవలేదు. ఎవరు ఎవరో పోలీసులకు తెలియలేదు. అందరి గోళ్ళల్లోనూ అదే రంగు.

చివరికి ముఖం తెలిసిన మనిషిని పట్టుకున్నారు. గేటు మీద నిలువెత్తు ఫోటో ఉంది కదా, వెతకాల్సిన పని లేకపోయింది. ఆమెను జబ్బ పట్టి లేపారు. తమ్ముణ్ణి దుప్పటితో సహా ఎత్తి వ్యానులో వేశారు. మిస్త్రి తనంతట తానే ఎక్కాడు. నిన్నెవరు రమ్మన్నారయ్యా, నీ పేరు లేదు అన్నాడు అధికారి.

"రాసుకోండి" అన్నాడు మిస్త్రి.

వ్యాను కదిలింది. వెనక కిటికీ ఊచల్లోంచి ఆమె చూసింది. గుంపు లేచి వెంట నడుస్తోంది. వ్యాను మలుపు తిరిగేటప్పటికి మేనమామ కూడా అందరికన్నా వెనక, ఎవరితోనూ మాట్లాడకుండా నడుస్తున్నాడు. వీధి పొడుగునా ఉన్న మిల్లుల గోడల మీద తలలు లేచాయి. ఏమైందని ఎవరో అడిగారు. నడుస్తున్నవాళ్ళు నడుస్తూనే చెప్పారు. అక్కడా తొట్లున్నాయి. అక్కడా ముసుగులు లేవు.

స్టేషను ముందు వ్యాను ఆగింది. తలుపు తీసిన కానిస్టేబులు దిగమనడం మరిచిపోయి వీధి వైపు చూస్తున్నాడు. ఎదుటి నూలు మిల్లు పెద్ద గేటు, షిఫ్టు మధ్యలో ఎప్పుడూ తెరవని గేటు, లోపలి నుంచి తెరుచుకుంటోంది.