మందు కొట్టిన ముక్క

పురుగు వేళ్ళ మధ్య చిట్లింది. పచ్చటి పసరు గోళ్ళ సందుల్లోకి దిగింది. ఆమె మొహం తిప్పుకుంది.

"చంపకే, ఆకులమీద మరక పడుతుంది. మెల్లగా తీసి సంచిలో వెయ్యి," అంది పక్క చాలులోంచి పిన్ని.

తెల్లవారకముందు నుంచీ ఇదే పని. కంపెనీవాళ్ళు కొత్త మందు కొట్టిన పత్తిచేను ముక్కలో పురుగులు నిక్షేపంగా కాయలు తొలుచుకు తింటున్నాయి. వాటిని ఏరి, పక్కనున్న మందు కొట్టని ముక్కలో వదలాలి. తొలిచిన కాయలు కోసి దాచెయ్యాలి. ఎండెక్కాక రైతులొచ్చి రెండు ముక్కలూ పోల్చి చూసుకుంటారు. ఈ రోతపనికి ప్రయోగమని పేరు పెట్టుకున్నారు, సిగ్గూ ఎగ్గూ లేని పెద్దమనుషులు.

"తప్పు కాదూ పిన్నీ?"

"తప్పో ఒప్పో, నోరు మూసుకుంటే రేపు కూడా పనికి పిలుస్తారు. నీ నోటి దురుసుతో నా కూలి పోగొట్టకు."

పొద్దెక్కాక రైతులొచ్చారు. చేను చూసి ఔరా అనుకుంటూ, కంపెనీ ఆఫీసరు బల్లమీద పేర్చిన మందు డబ్బాల చుట్టూ మూగారు. వాళ్ళలో ఆమె తమ్ముడూ ఉన్నాడు. కిందటేడు వాడి పత్తంతా పురుగు పాలైంది. ఈసారీ పోతే ఆసామి ఆ కౌలు చేను కాస్తా లాక్కుంటాడు.

తమ్ముడు ఓ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "అక్కా, నువ్విక్కడే పనిచేస్తున్నావుగా. కొననా?"

పొద్దున వాళ్ళచేత పురుగులు ఏరించిన సూపర్‌వైజరు పళ్ళికిలించాడు. "చెప్పమ్మా, నీ తమ్ముడేగా."

ఆ ఇకిలింపుకు ఆమె ఒళ్ళు మండిపోయింది. పురుగును ముట్టుకున్నప్పుడు కూడా అంత వెగటు పుట్టలేదు.

"కొనకురా. ఈ మందుకు పురుగు చావలేదు. మేమే ఏరి పక్క ముక్కలో వదిలాం."

ఆఫీసరు తాపీగా నవ్వాడు. "కూలి పెంచలేదని కడుపుమంట. ఇలాంటివాళ్ళ మాటలు పట్టించుకుంటే వ్యవసాయం చేసినట్టే."

రైతులు కూడా నవ్వారు. ఆమె పిన్నివైపు చూసింది. పిన్ని తల ఎత్తలేదు.

తమ్ముడు డబ్బాను బల్లమీద పెట్టేశాడు. వెనకనున్న ముసలి రైతు వెంటనే దానికోసం చెయ్యి చాచాడు.

ఆమె ముందుకొచ్చి డబ్బామీద అరచెయ్యి వేసి అదిమిపెట్టింది.

"తీసుకుందువుగాని బాబాయ్. దీంతోపాటు నన్నూ మా పిన్నినీ కూడా ఇస్తారేమో ముందు అడుగు. మేం లేకపోతే ఇది పనిచెయ్యదు."