సూపుకి పాస్‌పోర్టు ఫోటో

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, గిన్నెలకి ఇంకా బాగా తెలుసు. మా మామగారి ఎదుట మాత్రం నోరు పెగలదు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు, అదే వచ్చిన చిక్కు. అని ఉంటే నేనూ నాలుగు అనేసేదాన్ని.

హోటల్ వంటగదిలో ఉద్యోగం మానేసి ఇంట్లోనే వండి అమ్మాలని నిర్ణయించుకున్నాను. భోజనాలు ఇళ్లకు చేర్చే యాప్‌లో చేరాలంటే మూడు వంటకాల ఫోటోలు పంపాలన్నారు. మొక్కజొన్న సూపు, వెల్లుల్లి రొట్టె, క్యారెట్ కేకు చేశాను. ఇంట్లోనే ఫోటోగ్రాఫర్ ఉండగా బయట వెతకడం దేనికన్నాడు మా ఆయన. నిజమే, మామగారు ముప్పై ఏళ్లు స్టూడియో నడిపారు. కాకపోతే అక్కడ తీసినవన్నీ పాస్‌పోర్టు ఫోటోలే.

ఆయన గోడకి తెల్ల దుప్పటి కట్టారు. అటొక లైటు, ఇటొక లైటు, ఎదురుగా ఫ్లాష్. సూపు గిన్నెను స్టూలు మీద కూర్చోబెట్టి, నీడన్నది మచ్చుకైనా లేకుండా చూసుకున్నారు. గిన్నెకున్న రెండు చెవులూ సమానంగా కనబడేదాకా తిప్పారు. "గడ్డం కొంచెం ఎత్తు" అని అలవాటు కొద్దీ అనేసి, అది ఎత్తకపోయేసరికి తనే వెనక్కి వంచారు. సూపు ఒలికింది.

ఫోటోల్లో సూపు పది రోజులు జ్వరంతో పడుకుని లేచినట్టుంది. రొట్టె ఏదో నేరం ఒప్పుకోవడానికి వచ్చి నిలబడింది. యాప్ వాళ్లు తిప్పి పంపారు. అయితే వెలుగు చాల్లేదన్నమాట అని మామగారు ఇంకో లైటు తెచ్చిపెట్టారు. మళ్లీ తిప్పి పంపారు. మూడోసారి పంపడానికి ఆ రోజు సాయంత్రం ఐదింటిదాకా గడువు, అదీ కుదరకపోతే ఏడాది దాకా దరఖాస్తు పెట్టుకోకూడదట. నేను వదిలేసిన ఉద్యోగంలో అప్పటికే వేరే మనిషి చేరిపోయింది. నాకు భయం పట్టుకుంది.

ఈ ఫోటోలు పనికిరావని మీ నాన్నకి నువ్వే చెప్పమని మా ఆయన్ని పట్టుకున్నాను. ఏదో పని గుర్తొచ్చినవాడిలా చెప్పులేసుకుని జారుకున్నాడు.

మధ్యాహ్నం సూపు చల్లారడానికి వంటింటి కిటికీ దగ్గర పెట్టి, ట్యూబులైటు ఆర్పి ఇవతలికి రాబోతూ వెనక్కి చూశాను. ఒక పక్క నుంచే వెలుగు పడుతోంది. సూపు మీద మీగడ మెరుస్తోంది, మొక్కజొన్న గింజ గింజా విడిగా కనబడుతోంది. వండినదాన్ని నేనే, నాకే నోరూరింది.

మామగారు భోంచేసి పడుకున్నారు. ఇంట్లో లైట్లన్నీ ఆర్పేశాను. ఎండ సూటిగా కొట్టకుండా కిటికీకి పల్చటి తెల్ల గుడ్డ కట్టాను. గిన్నెకి రెండో పక్క మరీ చీకటిగా ఉందని, మా ఆయన కొత్త చొక్కాలో వచ్చిన తెల్ల అట్ట తీసి అడ్డంగా పట్టుకున్నాను. కిటికీ వెలుగు దానికి తగిలి తిరిగి గిన్నె మీద పడింది. ఒక చేత్తో అట్ట, ఒక చేత్తో ఫోను పట్టుకుని నానా తంటాలు పడుతుంటే వెనక నుంచి దగ్గు వినిపించింది.

"నీడ పడింది" అన్నారు మామగారు.

"పడాలనే పెట్టాను మామయ్యగారూ." నోరు పెగిలింది కదా, ఇక ఆగలేదు. "మీ ఫోటో చూస్తే ఇది ఫలానా సూపు అని ఎవరైనా గుర్తుపడతారు. కానీ తాగాలనిపించదు."

ఆయన గిన్నెను ఒకసారి, కిటికీని ఒకసారి చూశారు. తర్వాత వచ్చి నా చేతిలోంచి అట్ట తీసుకుని, రెండంగుళాలు ముందుకు జరిపి, కాస్త వంచారు. నీడ మెత్తబడింది. అంత సేపూ నేను పడ్డ అవస్థ ఆయన చేతిలో చిటికెలో తీరిపోయింది. ఇక తియ్యమన్నారు. రొట్టె, కేకు కూడా అలాగే తీశాం. కోసిన కేకు ముక్కను కిటికీ వైపు తిప్పమన్నది ఆయనే.

ఈసారి ఫోటోలు మూడూ ఒప్పుకుని, దరఖాస్తు చివర్లో వంట చేసే మనిషి ఫోటో అడిగారు. మామగారికి హుషారొచ్చింది. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, అట్ట పట్టుకోమని, అటు జరిపి ఇటు జరిపి తీశారు. ఎక్కించీ ఎక్కించగానే యాప్ తిప్పికొట్టింది. మొహం సగం కనబడటం లేదట, నీడ ఉండకూడదట.

నాలుగున్నర దాటింది. నేను ఏడుపు మొహం పెట్టాను. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఇది నా పని. లే అమ్మా."

మూడు నిమిషాల్లో దుప్పటి కట్టేశారు. అటొక లైటు, ఇటొక లైటు. చెవులు రెండూ బయటపెట్టించి, గడ్డం ఎత్తించి, నవ్వబోతే వద్దని కసిరారు. ఎత్తమనగానే గడ్డం ఎత్తాను, ఒలకలేదు. మొదటి దెబ్బకే ఫోటో ఎక్కింది. ఐదున్నరకి నన్ను చేర్చుకున్నట్టు కబురొచ్చింది. అప్పుడే ఇల్లు చేరిన మా ఆయన, నాన్న తల్చుకుంటే ఎంతసేపు అన్నాడు. గరిటె ఎక్కడుందా అని చూశాను.

రెండు రోజుల తర్వాత మామగారు బజారు నుంచి వచ్చి నా చేతిలో ఒక కవరు పెట్టారు. లోపల కిటికీ పక్కన తీసిన ఫోటో ఉంది, పెద్ద సైజులో. సగం మొహం వెలుగులో, సగం నీడలో. అందులో ఉన్న మనిషికి అంత కోపం ఉన్నట్టు లేదు.

ఇది ఎక్కడ ఇవ్వాలని అడిగాను.

"ఎక్కడా ఇవ్వక్కర్లేదమ్మా" అన్నారాయన. "అలాంటిది నేను ఇదే మొదటిసారి తీయడం."