అక్క వదిలేసిన మాటలు

సాయంత్రం ఆరున్నరకి చెల్లెలి ఎడమ కంటికి చూపు పోయింది. ఆ మధ్యాహ్నమే ఆమె రెండు పై రెప్పలకూ ఆపరేషన్ జరిగింది. ఇంట్లో ఆ సమయానికి అక్క భర్త, ఆమె బావ ఒక్కడే ఉన్నాడు. చెల్లెలికి చిన్నప్పటి నుంచీ చెవులు వినపడవు. బావకు సైగలు సరిగా రావు.

ఆపరేషన్ జబ్బు వల్ల కాదు. ఆమె వినపడని పిల్లల స్కూల్లో టీచరు. అక్కడ మనిషిలో కొట్టొచ్చినట్టు కనిపించేదాన్ని పట్టుకుని ఒక సైగ పెడతారు, అదే పేరు. చాలా ఏళ్ళుగా ఆమె పేరు గడ్డం మీది పుట్టుమచ్చ. ఈ ఏడాది చేరిన పిల్లలు దాన్ని మార్చేశారు. రెండు చూపుడు వేళ్ళూ కళ్ళ ముందు పెట్టి కిందికి వాల్చారు. నిద్రమొహం అని. మొదట ఆమె కూడా నవ్వింది. నెల తిరక్కుండా తోటి టీచర్లూ అదే సైగ చేయడం మొదలుపెట్టారు. వయసుతో రెప్పల చర్మం జారి నిజంగానే కళ్ళు సగం మూసుకుపోయాయి. సైగల్లో సగం మాట కళ్ళదే. తను ప్రశ్న అడిగితే పిల్లలు విసుక్కుంటోందనుకుంటున్నారని ఆమె అక్కతో చెప్పుకుంది.

అక్కకు లాండ్రీ షాపు ఉంది. ఇంట్లో సైగలు మొదట నేర్చుకున్నది ఆమే, తల్లి కంటే ముందు. ఆస్పత్రిలోనూ బ్యాంకులోనూ చెల్లెలికి చెవీ నోరూ ఆమే. ఆపరేషన్‌కు ముందు డాక్టరు ఎదుట కూర్చున్నదీ ఆమే.

డాక్టరు తొందరపడకుండా చెప్పాడు. రెప్ప ముడత వెంట గీత గీసి, మత్తు సూది వేసి, మిగులు చర్మం తీసి కుడతారు. మనిషి స్పృహలోనే ఉంటుంది, నొప్పి తెలియదు. తర్వాత కొన్నాళ్ళు వాపు ఉంటుంది, కళ్ళ చుట్టూ కమిలిపోతుంది. పూసిన మందు వల్ల చూపు మసగ్గా ఉంటుంది, తుడిస్తే పోతుంది. రెప్పలు బిగుసుకున్నట్టు ఉంటాయి. తల ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి, వంగకూడదు, బరువులు ఎత్తకూడదు. అక్క ఒక్కొక్కటీ చేతులతో చెప్పింది. చెల్లెలు తల ఊపింది.

అప్పుడు డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

“ఇంకోటుంది. వేలల్లో ఒకరికి వస్తుంది. కంటి వెనక రక్తం చేరుతుంది. ఒకే కంట్లో నొప్పి, అంతకంతకీ పెరుగుతుంది. కన్ను ముందుకి తోసుకొస్తుంది, చూపు తగ్గుతుంది. అలా అయితే మందులేసుకుని చూద్దాం అనుకోకండి, వెంటనే వచ్చెయ్యండి. ఆలస్యమైతే చూపు తిరిగి రాకపోవచ్చు. ఈ మాట మాత్రం ఆవిడకి సరిగ్గా చెప్పండి.”

అక్క చెల్లెలి వైపు తిరిగింది. కళ్ళకేమైనా అవుతుందేమోనన్న భయంతో చెల్లెలు ఈ పని రెండుసార్లు వాయిదా వేసింది. చిన్నప్పుడు కరెంటు పోతే ఆమె అక్క చెయ్యి పట్టుకుని లైటు వచ్చేదాకా వదిలేది కాదు. చీకట్లో ఆమెకు మాటే లేదు. అక్క చేతులు కదిలాయి. నొప్పి ఎక్కువైతే నాకు చెప్పు, అన్నాయి.

ఆయన అంతసేపు మాట్లాడితే నువ్వు చెప్పింది ఇంతేనా అని చెల్లెలు అడిగింది.

డాక్టర్లంతే, చెప్పిందే చెప్తారు అని అక్క సైగ చేసింది. తను పక్కనే ఉంటుంది, తనకు తెలిస్తే చాలు అనుకుంది. బావకు కూడా చెప్పలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడింటికల్లా ఇంటికొచ్చారు. రెండు కళ్ళూ ఒకేలా వాచి ఉన్నాయి. బావ గుమ్మంలోనే నిలబడి చూశాడు.

“బాక్సింగుకెళ్ళొచ్చిందా మీ చెల్లెలు? అవతలివాడెలా ఉన్నాడో కనుక్కో,” అన్నాడు.

అక్క చేతులతో చెప్పింది. చెల్లెలు జవాబిచ్చింది. అక్క నవ్వి దాన్ని మాటల్లో పెట్టింది: “అవతలివాడు మా బావేనట. ఇంకా లేవలేదట.”

ఐదు దాటాక ఇస్త్రీ చేసే అతను ఫోన్ చేశాడు. మెషీను పైపు ఊడింది, షాపంతా నీళ్ళు, జనం బట్టలు తడుస్తున్నాయి. అక్క చెల్లెలి కళ్ళు మరోసారి చూసింది. తేడా ఏమీ లేదు. చల్లటి గుడ్డలు మారుస్తూ ఉండమని, నొప్పంటే తనకు ఫోన్ చెయ్యమని భర్తకు చెప్పి వెళ్ళింది.

ఆరు గంటలప్పుడు చెల్లెలు కుర్చీ చెయ్యి మీద తట్టింది. బావ వచ్చాడు. ఆమె ఎడమ కన్ను చూపించి, పిడికిలి బిగించి తిప్పింది. బావకు అర్థమైంది. డాక్టరు రాసిన మాత్ర ఇచ్చాడు, తగ్గిపోతుందన్నట్టు అరచేయి కిందికి దించాడు. నోటితో కూడా ఏదో అన్నాడు. ఆయన పెదాలు మీసం కింద ఉంటాయి, ఆమె ఎప్పుడూ చదవలేకపోయింది. మాత్ర ఇచ్చాను కదా, అది పనిచెయ్యనీ అని ఆయన భార్యకు ఫోన్ చెయ్యలేదు.

ఆమె డాక్టరు చెప్పినవి గుర్తు చేసుకుంది. వాపు ఉంటుందన్నాడు. మసక ఉంటుందన్నాడు. బిగుసుకున్నట్టు ఉంటుందన్నాడు. ఇవన్నీ ఉన్నాయి. భరించింది. లోపల ఏదో పెరుగుతోంది, కంటిని వెనక నుంచి తోస్తోంది. దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. దూదితో మందు తుడుచుకుంది. మసక పోలేదు. అరచేత్తో కుడి కన్ను మూసి చూసింది.

గది లేదు.

కరెంటు పోయిందనుకుంది. చెయ్యి తీసింది. లైటు వెలుగుతోంది. మళ్ళీ మూసింది. మళ్ళీ చీకటి. బావను పిలవాలనుకుంది, చెయ్యి లేవలేదు. గొంతు లేచింది.

బావ వంటగదిలో ఉన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మరదలి గొంతు వినలేదు. మొదట అది మనిషిదనుకోలేదు. వచ్చి చూస్తే ఎడమ రెప్ప నల్లగా బిర్రబిగిసి ఉంది, దాని కింద కన్ను ముందుకు వచ్చి ఉంది. ఆమె పైకి, బల్బు వైపు వేలు చూపిస్తోంది.

ఆయన ఫోన్ చేశాడు. “ఎడమ కన్ను బయటికొచ్చేస్తోందే. లైటేదని అడుగుతున్నట్టుంది. లైటు వేసే ఉంది.”

నీళ్ళ చప్పుడు మధ్య అక్క అడిగింది.

“ఎప్పట్నుంచి?”

“నొప్పి ఆరింటి నుంచి.”

“కారెక్కించండి. నేను డాక్టరుకి చెప్పి అటే వస్తున్నా. ఇంకేమీ అడక్కండి, ఎక్కించండి.”

కారులో ఆమె కుడి రెప్పను వేళ్ళతో తెరిచి పట్టుకుని బావ మొహం చూస్తూ కూర్చుంది. ఏమైందని అడిగింది. ఆ సైగ ఆయనకు తెలుసు. తెలియదన్నట్టు చెయ్యి తిప్పాడు. నిజంగానే తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆమె మళ్ళీ కుడి కన్ను మూసి చూసుకుంది. తర్వాతి సిగ్నల్ దగ్గరా చూసుకుంది. ఆ తర్వాత చూసుకోవడం మానేసింది.

డాక్టరు తలుపు దగ్గరే ఉన్నాడు. వేలితో రెప్ప నొక్కాడు. రాయిలా ఉందని నర్సుతో అన్నాడు. టార్చి వేశాడు. కంటిపాప కదల్లేదు. మత్తు సూది వేసి కత్తెర అడిగాడు. అప్పుడే అక్క వచ్చింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చెల్లెలి కుడి వైపు నిలబడింది.

“మత్తు పూర్తిగా ఎక్కేదాకా ఆగలేం. కుట్లు విప్పుతున్నాను. కంటి చివర కొంచెం కత్తిరించాలి, లోపలి ఒత్తిడి తగ్గాలి. నొప్పి ఉంటుంది. చెప్పండి,” అన్నాడు.

అక్క చెప్పింది. ఒక్క మాట కూడా వదల్లేదు.

నర్సు పరికరాల పొట్లం విప్పుతుంటే డాక్టరు చేతి తొడుగులు వేసుకుంటూ అడిగాడు: “చూపు తగ్గితే వెంటనే రమ్మన్నాను కదా. తెలిసి కూడా ఎందుకాగారో అడగండి.”

అక్క చేతులు ఆగిపోయాయి. ఆయన ఏమంటున్నాడని చెల్లెలు అడిగింది. రెండోసారి అడిగింది. అక్క డాక్టరు ప్రశ్న చెప్పింది.

నాకెప్పుడు చెప్పాడు, అంది చెల్లెలు.

“ఏమంటున్నారు?” అన్నాడు డాక్టరు.

అక్క అటు గొంతుతోనూ ఇటు చేతులతోనూ ఒకేసారి చెప్పింది. “ఆయన చెప్పారు. నేను నీకు చెప్పలేదు.”

నర్సు మొహం మీద గుడ్డ కప్పింది, కుడి కన్ను కూడా దాని కిందికి పోయింది. అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది. చెల్లెలు చెయ్యి లాక్కుంది. మంచానికి అటు వైపు నిలబడి ఉన్న బావ ఆ చేతిని పట్టుకున్నాడు. కుట్లు విప్పగానే గడ్డకట్టిన రక్తం బయటికొచ్చింది. రక్తం కారుతున్న చోటు దొరికాక డాక్టరు దాన్ని మూసేశాడు. అది ఎందుకు మొదలైందో చెప్పలేనని, కొన్నిసార్లు కారణం దొరకదని బావతో అన్నాడు. చూపు సంగతి పొద్దున్న చూద్దామన్నాడు.

రాత్రి నర్సు తెచ్చిన కాగితం మీద చెల్లెలు రాసింది: సైగలు చెప్పడానికి మా స్కూలు నుంచి మనిషిని పిలిపించండి.

మర్నాడు ఉదయం తోటి టీచరు వచ్చింది. డాక్టరు చెయ్యబోయేది ఆమె ముందుగానే సైగలతో చెప్పింది. డాక్టరు చెల్లెలి కుడి కన్ను మూశాడు. ఎడమ కంటికి దగ్గరగా వేళ్ళు పెట్టాడు. రెండు అని చెల్లెలు చూపించింది. అవి రెండే. ఆయన వెనక్కి జరిగి మళ్ళీ వేళ్ళు పెట్టాడు. ఆమె చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. గోడ మీది పట్టికలో పై అక్షరం కూడా కనిపించలేదని తోటి టీచరు డాక్టరుకు చెప్పింది. అక్క అప్పుడు తలుపు బయట బెంచీ మీద ఉంది.