అక్క ఫైలుకు వేసిన అట్ట

మా బైండింగ్ షాపులో కుట్టు అక్కది, కోత నాది. నాన్న ఉన్నప్పుడే అలా పంచేశాడు. ఓపిక ఉన్న మనిషికి సూది ఇచ్చి, లేనివాడికి కటింగ్ మిషన్ అప్పగించడం ఏం తెలివో ఆయనకే తెలియాలి. యాభై రెండేళ్ళు వచ్చినా ఆ ఓపిక నాకు రాలేదు.

పదకొండేళ్ళ క్రితం అక్కకు థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. గొంతు దగ్గర ఆపరేషన్ చేశారు. తర్వాత రెండుసార్లు రేడియో అయోడిన్ మందు ఇచ్చారు. జబ్బు తగ్గింది గానీ, ఆ మందు ఆమె నోట్లో తడిని చాలావరకు పట్టుకుపోయింది. దారం కొన నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. గ్లాసులో నీళ్ళున్నాయి కదా అంటే, నీళ్ళలో ముంచితే దారం విచ్చుకుంటుందంటుంది. అందుకని అప్పటినుంచీ కొన నేనే నోట్లో తడిపి ఇస్తున్నాను.

"నా ఎంగిలి నీకు అసహ్యంగా లేదా?" అని ఓసారి అడిగాను.

"చిన్నప్పుడు నువ్వు సగం నమిలి వదిలేసినవన్నీ ఎవరు తిన్నారనుకున్నావు?" అంది.

కిందటేడు పరీక్షలన్నీ బాగున్నాయి, ఇక ఏడాదికోసారి వస్తే చాలన్నారు. నా కాళ్ళు నేలమీద ఆగలేదు. పదేళ్ళ ఆసుపత్రి కాగితాలు పోగేసి, అక్కకు తెలియకుండా నేనే కుట్టి, మూడు వైపులా నున్నగా కోసి, గట్టి అట్ట వేశాను. పైన బంగారు అక్షరాలతో "సమాప్తం" అని అచ్చు వేశాను. అక్క దాన్ని ముందు చివరి నుంచి తెరిచి చూసింది.

"ఖాళీ కాగితాలు పెట్టలేదేంరా? ఏ రిజిస్టరుకైనా పెడతాంగా."

"ఇంకెందుకు? అయిపోయిందిగా."

అక్క దాన్ని బీరువాలో పెట్టింది.

పోయిన నెల మొదట్లో దారం అందిస్తుంటే, ఆమె కుడి చెవి ముందు చిన్న ఉబ్బు కనిపించింది. పంటి వాపేమోలే అంది. ఎన్నాళ్ళనుంచి అని నిలదీస్తే మూడు నెలలంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకంలో ఒక్క పేజీ అటూ ఇటూ అయితే ఊరుకోని మనిషి, తన ఒంటి సంగతి మూడు నెలలు దాచింది. షట్టరు దించి, బీరువాలోని ఆ పుస్తకం పట్టుకుని, దగ్గర్లోని ఇంకో ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

అక్కడి డాక్టరమ్మ మాకు కొత్త. చెవి ముందు వేళ్ళతో నొక్కి చూసి నిదానంగా చెప్పింది. "ఇక్కడ ఉండేది లాలాజల గ్రంథి అమ్మా. థైరాయిడ్ క్యాన్సర్ తగ్గినవాళ్ళలో కొద్దిమందికి ఏళ్ళ తర్వాత ఇంకోచోట క్యాన్సర్ రావచ్చు. అరుదే, కానీ అయోడిన్ మందు ఎక్కువ తీసుకున్నవాళ్ళని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. మీకు రెండుసార్లూ ఎంతెంత ఇచ్చారు?"

నేను గర్వంగా పుస్తకం అందించాను. మొదటిసారి మోతాదు ఉంది. రెండోసారి కాగితంలో "ఇచ్చిన మోతాదు" అన్న మాట ఉంది గానీ, అంకె ఉండాల్సిన చోట కాగితమే లేదు. కుడి అంచున రాసిన అంకెను నా మిషన్ ఎగరగొట్టేసింది.

"ఇది ఎవరు బైండ్ చేశారు?" అంది డాక్టరమ్మ.

"మా తమ్ముడే. కోత నున్నగా ఉంటుంది," అంది అక్క.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. "పాత ఆసుపత్రిలో అడిగి తెండి. దానికోసం పరీక్ష ఆపక్కర్లేదు," అని ఆ రోజే ఉబ్బులోంచి సూదితో కాస్త తీసి పరీక్షకు పంపింది. ఫలితం వారానికి వస్తుందంది.

పాత ఆసుపత్రి రికార్డు గది ముందు రెండు రోజులు కూర్చుని ఆ అంకె రాయించుకొచ్చాను. షాపులో పుస్తకం కుట్లు విప్పడం మొదలుపెట్టాను. అయిపోయిందని బంగారు అక్షరాలతో రాసి ఆ జబ్బును నేనే మళ్ళీ పిలిచానేమో అన్నాను అక్కతో.

"నువ్వు కోసింది కాగితాన్నిరా, నన్ను కాదు. ముందు ముక్కు తుడుచుకో, జిగురులో పడుతుంది."

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమె లేని షాపులో నేను ఒక్కపూట కూడా కూర్చోలేను. ఇన్నేళ్ళలో ఎన్నడూ అనని ఆ మాట ఆ రోజు పైకి అనేశాను. అక్క తలెత్తకుండా "తెలుసులే" అంది.

వారానికి డాక్టరమ్మ పిలిచింది. క్యాన్సరే. చిన్నదేనని, ఎక్కడికీ పాకినట్టు లేదని, తీసేస్తే తగ్గే అవకాశం బాగా ఉందని చెప్పింది. గురువారం ఆపరేషన్.

"అయితే చేతిలో ఉన్న స్కూలు రిజిస్టర్లు బుధవారానికే ఇచ్చేద్దాం," అంది అక్క నాతో. 

షాపుకు తిరిగొచ్చాక పాత కాగితాల కింద కొత్త రిపోర్టు పెట్టి, చివర ఇరవై ఖాళీ కాగితాలు చేర్చాను. అక్క బొటనవేలితో వాటి మందం చూసింది.

"ఇంతేనా? ఇంకో కట్ట తే. ఈసారి అంచులు కొయ్యకు."

తెచ్చాను. దారానికి చెయ్యి చాపింది. కొన నోట్లో పెట్టుకున్నాను. నోట్లో చుక్క తడి లేదు. మళ్ళీ పెట్టుకున్నా పొడి దారమే బయటికొచ్చింది. అక్క నా మొహం చూసి, దారం తీసుకుని గ్లాసు నీళ్ళలో ముంచింది.

"విచ్చుకుంటుందిగా," అన్నాను.

"విచ్చుకోనీ. ఇంకో రెండుసార్లు ఎక్కిస్తాను, ఏం పోయింది?"

మూడోసారికి ఎక్కింది.