కాయ అదరకూడదు

మామిడికాయల లోడు తోలేవాడికి వేగమంటే గిట్టదు. కాయ అదిరితే డాగు పడుతుంది, డాగు పడితే మార్కెట్లో అడిగేవాడుండడు. ఆగిరిపల్లి తోటల్లో ట్రాక్టరు తోలే కొండయ్య ఆ రోజూ అలాగే, పసిబిడ్డను ఎత్తుకున్నంత పదిలంగా రైల్వే గేటు ఎక్కాడు.

ఆ గేటు దగ్గర పట్టాలు మార్చిన ప్రతిసారీ కంకర పోసి ఎత్తు పెంచారు. రోడ్డు గొడవ మాత్రం ఎవరికీ పట్టలేదు. ఇప్పుడది రోడ్డు కాదు, గుట్ట. జోరు మీద వస్తే తప్ప లోడు బండి దాటదు. కొండయ్య ట్రాక్టరు గుట్ట నెత్తికెక్కి గుర్రుమని ఆగిపోయింది. ట్రాలీ సరిగ్గా పట్టాల మీదుంది. ట్రేల మధ్య కోతకొచ్చిన ఆడవాళ్లు, వాళ్లలో అతని పెళ్లాం వెంకాయమ్మ.

గేటు కాసే షాలోమి గదిలోంచి దూసుకొచ్చింది. "దిగండి, దిగండి. రైలొస్తంది. గేటెయ్యకముందే స్టేషన్లో వదిలేశారంట."

ఆ మాట అంటూనే ఎర్రజెండా పట్టుకుని పట్టాల వెంట పరుగందుకుంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే దూకేశారు. వెంకాయమ్మ దూకలేదు.

"కాలు ఇరుక్కుందయ్యా" అంది, ఏడుపు గొంతుతో.

కొండయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క గెంతులో ట్రాలీ ఎక్కి, పొద్దుటి నుంచీ కాపాడుకొచ్చిన కాయల్ని ట్రేలకు ట్రేలే కంకర మీదికి విసిరికొట్టాడు. పగిలితే పగలనీ. రైలు కూత చెవులు చిల్లులు పడేలా వినిపించింది. ఆమెను చంకల కింద పట్టి లాగాడు. ఇద్దరూ కింద పడ్డారు. రైలు కీచుమంటూ వచ్చి ట్రాలీకి బారెడు దూరంలో ఆగింది. వెంకాయమ్మను కావలించుకుని కొండయ్య అందరి ముందూ భోరుమన్నాడు.

తర్వాత ఆఫీసర్లు వచ్చారు. "స్పీడుగా తోలావా?" అని గద్దించారు.

"లేదండీ, మెల్లగా తోలబట్టే ఆగిపోయిందండి. ఈ గుట్ట చెక్కించండి బాబూ."

సరే చూస్తామన్నారు. చూశారు కూడా. వారం తిరక్కుండా గేటుకు రెండు పక్కలా కొత్త బోర్డులు మొలిచాయి: "వాహనములు నెమ్మదిగా నడపవలెను."

ఆ బోర్డును తిట్టుకుంటూ కొండయ్య ఈసారి కాయల సంగతి దేవుడికొదిలేసి, జోరుగా గుట్ట దాటేశాడు. దాటి, బండి ఆపి వెనక్కి చూశాడు. ఇంకో ట్రాక్టరు మీద వెనకొస్తున్న కుర్రాడు రవితేజ బోర్డు చదివాడు, గేరు మార్చాడు, బుద్ధిమంతుడిలా మెల్లగా గుట్టెక్కుతున్నాడు. అతని లోడు మీద కూడా ఆడవాళ్లున్నారు.

"ఆపకురా, తొక్కు" అని అరుస్తూ కొండయ్య గేటు వైపు పరిగెత్తాడు.