మాఫీ వచ్చేదాకా

కొర్రమీను తలమీద కర్రతో ఒక్కటే దెబ్బ వెయ్యాలి. రెండోది వేశాడంటే వాడికి పని రానట్టే. కాశీరావు ఒక్కటే వేశాడు. తోక ఒకసారి మొద్దును చరిచి ఊరుకుంది. గుప్పెడు బూడిద పట్టించి, జారకుండా ఎడమచేత్తో అదిమి, పొలుసు గీకడం మొదలుపెట్టాడు. పొలుసులు ఎగిరి అతని కనుబొమల్లో, చెవి మడతల్లో అతుక్కున్నాయి. వాటిని తుడుచుకోవడం అతను ఎప్పుడో మానేశాడు. వేళ్ళ సందులు నీళ్ళకి ఒరిసి తెల్లగా ఉంటాయి. ఎడమ బొటనవేలికి గోరు సగమే ఉంది. మిగతా సగం ఎవరింటి పులుసులో ఉడికిందో అతనికీ తెలియదు.

భవానీపురం చేపల బజారులో రేకుల కింద కూర్చుని కోసేవాళ్ళ వరసలో మూలచోటు అతనిది. ఆ చోట్లకి కాగితాలుండవు. కూర్చున్నవాడిదే చోటు. లేవదలుచుకుంటే ముందు పక్కవాడికి చెప్పాలి, వరసంతా వినేట్టు బేరమాడాలి, బయటివాడికి ఇవ్వకూడదు. అదీ కట్టుబాటు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేసి బతుకుతెరువు పోయిన ఏడాది కాశీరావు పెళ్ళాం మెడలోవి అమ్మి ఈ చోటు కొన్నాడు. పెళ్ళాం పోయింది. చోటు మిగిలింది. కూతురు సుధామణి ఈ చోటు మీద వచ్చిన కూలితో పెరిగింది. ఇంజనీరింగు మాత్రం బ్యాంకు అప్పుతో చదివింది.

“బావా, నీ మాఫీ ఎందాకా వచ్చింది? ఇబ్రహీంపట్నం దాటిందా?” అన్నాడు పక్కచోటు కోటి. రోజూ అడిగే మాటే.

“వస్తది. రైతులకి రాలా? చదువుకున్న పిల్లలకి రాదా?”

“వస్తే ఎవడబ్బ సొమ్మది? నా కొడుకు చదువప్పుకి పడవ అమ్మాను, ఇంజను అమ్మాను, వలలు అమ్మాను. నీ బాకీ కొట్టేస్తే నా పడవ తిరిగొచ్చిద్దా?”

“నీ పడవ పోయిందని అందరి పడవలూ మునగాలంటావా?”

కోటి నవ్వలేదు. బొచ్చె చేప మెడమీద కత్తి దించాడు, కావలసినదానికన్నా గట్టిగా. తల ఎగిరి కాలవలో పడింది.

చేపకోసం నిలబడ్డ హెల్మెట్టాయన కలగజేసుకున్నాడు. “పెద్దపెద్దోళ్ళవి కోట్లకి కోట్లు కొట్టేస్తన్నారు గదయ్యా. పిల్లలవి కొట్టేస్తే తప్పేంటంట?”

“మీ అబ్బాయిది కట్టారాండీ?” అన్నాడు కోటి.

“కట్టేశాం.”

“నవ్వుతా కట్టారా?”

ఆయన సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

కాశీరావు పట్టుదలకి కారణముంది. పామర్రు దగ్గర అతని అన్న పాడిగేదెల్ని సంతకి తోలేసి పంటప్పు కట్టాడు. ఆ తర్వాత మాఫీ వచ్చింది. కట్టనివాళ్ళకి అప్పు పోయింది, కట్టినవాడికి గేదెలు పోయాయి. అన్న పోయేదాకా ఖాళీ కొట్టంకేసి చూస్తూ కూర్చున్నాడు. అందుకే, ఎన్నికలప్పుడు చదువప్పులు కూడా తీసేస్తారట అని ఎవరో అనగానే, జీతంలోంచి వాయిదాలు కడుతున్న సుధామణిని కాశీరావే మాన్పించాడు. కట్టినోడే వెర్రోడమ్మా అన్నాడు. ఆ పిల్ల తండ్రి మాట వింది.

ఇప్పుడు ఆమెకు బ్యాంకులోనే ఉద్యోగం వచ్చింది. బాకీ ఉన్నవాళ్ళని చేర్చుకోం అన్నారు. కట్టి రసీదు చూపించడానికి ఇవాళే గడువు. పొద్దున చోటు అమ్మేద్దాం నాన్నా అని ఆమె చేతులు పట్టుకుంటే, ఇన్నాళ్ళు ఆగి మాఫీ గుమ్మంలోకొచ్చాక కడతామా అని విదిలించుకుని వచ్చాడు. అప్పటినుంచి ఏ చేపను కొట్టినా ఆ పిల్ల మొహమే కనిపిస్తోంది.

ఎండ ముదురుతుండగా, ఆ కొర్రమీను పని ఇంకా అవ్వకముందే, మోటారుసైకిలు మీద ఇద్దరు దిగారు. బాకీలు వసూలు చేసేవాళ్ళు. లావాటివాడు మొద్దు ముందు నిలబడ్డాడు.

“ఏవయ్యా, ఫోనెత్తవేం?”

“మాఫీ వస్తదండి. నాలుగు రోజులు చూడండి.”

“అలాగే చూద్దాం. వచ్చేదాకా మీ అమ్మాయిని మా ఆఫీసుకి పంపు. రాత్రికింత చొప్పున మేమే మాఫీ చేస్తాం.”

వరసలో కత్తులన్నీ ఆగాయి. కాశీరావు చేతిలో కత్తి కింద పెట్టాడు, జాగ్రత్తగా, మొన అటువైపు తిప్పి. లేచి వాడి గొంతు పట్టుకున్నాడు. బూడిదా నెత్తురూ వాడి తెల్లచొక్కాకి అంటుకున్నాయి. రెండోవాడు నీళ్ళతొట్టిని తన్నాడు. బతికున్న చేపలు రోడ్డు మీద పడి ఎగిరాయి. లావాటివాడు రెండు చేతులా తోశాడు. కాశీరావు మడమ చేప పేగుల మీద జారింది. తల వెనకభాగం సిమెంటు దిమ్మె అంచుకి తగిలింది.

కోటి ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. కర్రతో లావాటివాడి దవడ మీద కొట్టాడు. వాడు కూలబడ్డాక భుజం మీద, మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినపడ్డా ఆగలేదు.

“కట్టినోణ్ణిరా నేను. మా ఇంటి ముందూ ఇదే మాటన్నార్రా. అందుకే పడవ అమ్మాను,” అంటూ కొట్టాడు.

నలుగురు పట్టుకుంటేగానీ వదల్లేదు. రెండోవాడు వాణ్ణి బండి మీద వేసుకుని పోయాడు.

కాశీరావు తనంతట తనే లేచి కూర్చున్నాడు. పెద్దగా నెత్తురు రాలేదు. కోటి పెట్టెలోంచి ఐసుగడ్డ తీసి, తన తువ్వాల్లో మూటగట్టి అతని తలకి ఆనించాడు.

“ఆస్పత్రికి పోదాం బావా.”

“పోదాంలే. కోటీ, నా చోటు నువ్వు తీసుకో.”

“తల దిమ్మెక్కి అంటన్నావా?”

“డబ్బు పిల్లకి పంపు. ఇప్పుడే.”

వరసంతా విన్నది. ధర మాత్రం ఎవరూ ఎత్తలేదు. కోటి నెత్తురు చేతులతో ఫోను నొక్కితే అది పనిచెయ్యలేదు. వేళ్ళు లుంగీకి తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. పడవ అమ్మగా మిగిలిన డబ్బు అది.

కాసేపటికి సుధామణి ఫోను చేసింది. “నాన్నా, కోటి మావయ్య డబ్బు పంపాడు. చోటు ఇచ్చేశావా?”

“కట్టెయ్యమ్మా. రసీదు... రసీదు తీసుకో.”

“మాట ముద్దగా వస్తందేంటి?”

“ఎండమ్మా.”

ఫోను పెట్టేసి ఒకసారి వాంతి చేసుకున్నాడు. స్తంభానికి జారబడి కళ్ళు మూసుకున్నాడు. గురక వచ్చింది. పడుకోనివ్వండి, రాత్రి నిద్ర ఉండుండదు అన్నాడు కోటి. రోడ్డు మీది చేపల్ని ఏరి తొట్టిలో వేశాడు. హెల్మెట్టాయనకి ఆ కొర్రమీనును కోటే కోసి సంచీలో వేసిచ్చాడు. వెనక్కి తిరిగేసరికి గురక లేదు, ఛాతీ కదలడం లేదు.

ఆటోలో ఎక్కించేటప్పుడు కాశీరావు జేబులో ఫోను మోగింది. కోటి ఎత్తాడు.

“నాన్నా, కట్టేశా. రేపే చేరమన్నారు.”

“మంచిదమ్మా,” అన్నాడు కోటి. ఫోను పెట్టేశాడు.

ఆటో కదిలింది. వరసలో ఎవరూ కూర్చోలేదు. స్తంభం మొదట్లో కోటి తువ్వాలు మూట అలాగే ఉంది. లోపల ఐసుగడ్డ ఇంకా సగం కూడా కరగలేదు.